పాత కారుకు జెనాన్ ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు: పెట్టించాలా, ఉన్నవాటినే బాగుచేయించాలా?

పదేళ్లు దాటిన స్విఫ్ట్, డిజైర్, శాంట్రో లాంటి బండ్లు నడిపేవాళ్లను రాత్రి ప్రయాణం గురించి కదిలిస్తే ముందుగా వచ్చే మాట: రోడ్డు ఆనడం లేదు. ఊళ్లో వీధిదీపాల కింద ఈ లోటు బయటపడదు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్ ఎక్కినప్పుడు తెలుస్తుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చిన పల్లెదారిలో ఇంకా బాగా తెలుస్తుంది. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ముందు పోతుంటే ఇక చెప్పక్కర్లేదు. అప్పుడు మనసు జెనాన్ ప్రొజెక్టర్ల (జెనాన్ బల్బు వెలుగును గాజు కటకంతో రోడ్డు మీద వేసే లైట్ల) మీదికి పోతుంది. పోవడంలో తప్పు లేదు. సరిగ్గా పెట్టించిన బై-జెనాన్ ప్రొజెక్టర్, అంటే ఒకే బల్బుతో డిమ్, బ్రైట్ రెండూ ఇచ్చేది, పాత కారుకు చేయించగల మంచి మార్పుల్లో ఒకటి. అయితే అదే పేరు చెప్పి అంటగట్టే సరుకులో చాలావరకు మనకు రోడ్డు చూపించేది తక్కువ, ఎదుటివాళ్ల కళ్లు మూయించేది ఎక్కువ.

ఉదాహరణకు మొదటి తరం స్విఫ్ట్‌ను తీసుకుందాం. 2005లో మన దగ్గరికి వచ్చిన ఈ కారుకు రిఫ్లెక్టర్ డూమ్ (అద్దంతో సహా హెడ్‌లైట్ మొత్తాన్నీ డూమ్ అంటారు), అందులో హెచ్4 రకం హాలోజెన్ బల్బు. ఆ కాలపు చిన్న కార్లలో చాలావాటిదీ ఇదే అమరిక కాబట్టి ఇక్కడ చెప్పేది వాటికీ వర్తిస్తుంది.

హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రైట్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. ప్రమాణం ప్రకారం 13.2 వోల్టులు అందితే డిమ్ దాదాపు 1000 ల్యూమెన్లు (వెలుగు కొలత), బ్రైట్ దాదాపు 1650 ల్యూమెన్లు ఇవ్వాలి. బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు తొట్టి కనిపిస్తుంది. కింది వైపు పోయే వెలుగును అది ఆపేస్తుంది, పైవైపు వెలుగు మాత్రమే రిఫ్లెక్టర్ మీద పడి రోడ్డు మీదికి దిగుతుంది. ఎదురుబండి డ్రైవరు కళ్లలో డిమ్ పడకుండా కాపాడేది ఆ తొట్టే. ఫిలమెంట్ ఎక్కడుంది, తొట్టి ఎక్కడుంది, రిఫ్లెక్టర్ వంపు ఎలా ఉంది అన్న మూడూ మిల్లీమీటర్ల లెక్కలో ఒకదానికొకటి సరిపోయేలా చేసినవి. దీన్ని గుర్తుంచుకుంటే కింద వచ్చే ఎంపికల్లో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

ముందు ఉన్నవాటి సంగతి చూడండి

పాత కారు లైట్లు మసకగా ఉండటానికి కారణం బల్బు కాకపోవచ్చు. ఎక్కువ బండ్లలో అసలు దొంగ వైరింగ్. హెడ్‌లైట్‌కు పోయే కరెంటు స్టీరింగ్ దగ్గరి స్విచ్ గుండా, సన్నటి తీగల గుండా, ఏళ్లకేళ్లుగా తుప్పు పట్టిన కప్లర్ల గుండా వస్తుంది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది. ఇంజన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డర్ వెనక ఒకసారి వోల్టేజి కొలవమనండి. హాలోజెన్ వెలుగు వోల్టేజి తగ్గినంత మేరకే తగ్గదు, అంతకంటే చాలా ఎక్కువగా, దాదాపు 3.4వ ఘాతం లెక్కన పడిపోతుంది. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి హోల్డర్ దగ్గర 12.2 మాత్రమే అందితే, బల్బు ఇవ్వగలిగిన వెలుగులో మూడో వంతు దారిలోనే పోయినట్టు.

దీనికి మందు రిలే వైరింగ్ కిట్. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో నేరుగా లావుపాటి తీగ, రెండు రిలేలు, కొత్త హోల్డర్లు, మంచి ఎర్త్. పాత స్విచ్ ఇక రిలేను మేల్కొలిపే పని మాత్రమే చేస్తుంది, బరువంతా కొత్త తీగ మోస్తుంది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల అయ్యే ఈ పనిని మించిన లాభసాటి పని పాత కారు లైట్లలో మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

రెండోది డూమ్ ముందరి ప్లాస్టిక్ అద్దం. ఎండకు పాలికార్బనేట్ పచ్చబడుతుంది, మసకబారుతుంది. మన ఎండల సంగతి తెలిసిందే. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే నాలుగు రోజులు మెరుస్తుంది, అంతే. సరైన పద్ధతిలో నీళ్ల కాగితం (తడిపి రుద్దే సాండ్‌పేపర్) 800 నంబరుతో మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 వరకు నునుపు పెంచుతూ రుద్దాలి. తర్వాత కాంపౌండ్‌తో పాలిష్ చేసి, ఆ పైన అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోటు వేయాలి. ఆఖరిది వేయకపోతే కొన్ని నెలలకే మళ్లీ పసుపు తిరుగుతుంది. చాలామంది పాలిష్ చేసే కుర్రాళ్లు ఈ కోటు వేయరు, వేస్తారా అని ముందే అడగండి. లోపలి రిఫ్లెక్టర్ వెండిరంగు పూత పొట్టు లేచి ఉంటే మాత్రం పాలిష్ పనికిరాదు, డూమే మార్చాలి.

రిలే, శుభ్రమైన అద్దం, ఫిలిప్స్ లేదా ఓస్రామ్ లాంటి పేరున్న కంపెనీ 60/55 బల్బులు, సరైన ఫోకస్. ఈ నాలుగూ కలిస్తే చాలామందికి జెనాన్ ఆలోచనే రాదు. నీలం రంగు పూసిన "సూపర్ వైట్" హాలోజెన్లు మాత్రం కొనకండి. ఆ పూత వెలుగును మింగేస్తుంది. తెల్లగా కనిపించడం వేరు, ఎక్కువ వెలుగు రావడం వేరు.

తీసుకోకూడనివి

100/90 వాట్ల హెచ్4. ప్రతి యాక్సెసరీల షాపులోనూ దొరుకుతుంది. రోడ్డు మీద వాడటానికి ఆమోదం లేనిది. దానికి సరిపడా తీగలు మామూలు కారులో ఉండవు కాబట్టి హోల్డర్ కరిగిపోతుంది. ఆ వేడికి రిఫ్లెక్టర్ పూత కాలుతుంది, ప్లాస్టిక్ బుడగలు లేస్తుంది. ఇంత చేసినా డిమ్ ఆకారం మారదు, ఉన్న చోటే ఇంకా వేడిగా వెలుగుతుంది.

హాలోజెన్ డూమ్‌లో హెచ్‌ఐడీ కిట్, అంటే హాలోజెన్ బల్బు తీసి అదే చోట జెనాన్ బల్బు పెట్టే సరంజామా. ఇది అన్నిటికంటే ప్రమాదం. ఫిలమెంట్‌కు బదులు జెనాన్ వాయువులో పుట్టే మెరుపు (ఆర్క్) ఆకారం వేరు, అది ఉండే చోటు వేరు. హెచ్4 తొట్టి చేసే పనిని ఈ కిట్లలోని కదిలే రేకులు సగం కూడా చేయలేవు. ఫలితంగా మూడింతల వెలుగు రిఫ్లెక్టర్‌లో చెదిరి అన్నివైపులా చిమ్ముతుంది. డ్రైవరు సీట్లో కూర్చున్నవాళ్లకు చెట్ల కొమ్మలు, బోర్డులు బాగా వెలిగిపోతుంటాయి కాబట్టి బాగా కనిపిస్తున్నట్టే అనిపిస్తుంది. రోడ్డు మీద దూరంగా వెలుగు పెరగదు. ఎదురుగా స్కూటీ మీద పిల్లల్ని ఎక్కించుకుని వస్తున్న మనిషికి రెండు మూడు సెకన్లు ఏమీ కనిపించదు. ఆ మనిషి రోడ్డు దిగిపోవడానికి ఆ సెకన్లు చాలు. ఎంత చవకగా వచ్చినా ఇది పెట్టించకండి, పెట్టించుకున్న స్నేహితులుంటే తీసేయించండి.

హెచ్4 కొలతకు చేసిన ఎల్‌ఈడీ బల్బుల సంగతి కొంచెం మెరుగు. చిప్‌లు ఫిలమెంట్ ఉండే చోటికి దగ్గరగా అమర్చినవి కొన్ని గోడ మీద చూస్తే ఫర్వాలేదనిపిస్తాయి. అయినా ఫిలమెంట్ చుట్టూ వెలుగునిస్తుంది, చిప్ రెండు పక్కలకే ఇస్తుంది. ఆ తేడా రోడ్డు మీద మచ్చలుగా, ఖాళీలుగా కనిపిస్తుంది. వెనక తిరిగే చిన్న ఫ్యాను దుమ్ముకు ఆగిపోతే చిప్ కాలిపోతుంది. ఘాట్ మధ్యలో అలా జరిగితే ఊహించుకోండి. నేనైతే వీటికి ఓటు వేయను.

ప్రొజెక్టర్ చేసే పని

ప్రొజెక్టర్‌లో బల్బు వెలుగు ముందు చిన్న గిన్నెలాంటి రిఫ్లెక్టర్‌లో పోగవుతుంది. దాని ముందు ఒక రేకు, ఆ రేకు అంచు నీడను పెద్దది చేసి రోడ్డు మీద వేసే గాజు కటకం. అందుకే ప్రొజెక్టర్ డిమ్ పై అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది: గీత కింద నిండుగా వెలుగు, గీత పైన చీకటి. బై-జెనాన్‌లో బ్రైట్ వేసినప్పుడు చిన్న సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతం) ఆ రేకును కిందికి లాగుతుంది. హెడ్‌లైట్ దగ్గర చెవి పెట్టి వింటే టక్కుమని చప్పుడు వినిపిస్తుంది. ఒకే బల్బు డిమ్‌కూ బ్రైట్‌కూ పనిచేస్తుంది.

జెనాన్ కొత్తదేమీ కాదు. 1991లోనే బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చింది. మన దగ్గర 2015లో వచ్చిన మారుతి ఎస్-క్రాస్, బాలెనో ఆల్ఫా వేరియంట్లలో కంపెనీయే పెట్టింది. బాలెనో కింది వేరియంట్ ఉన్నవాళ్లకు ఇది ఒక దారి చూపిస్తుంది: టాప్ వేరియంట్ డూమ్ మొత్తం తెచ్చి మార్చడం. ధర ఎక్కువే, వైరింగూ చూసుకోవాలి. అయినా ప్రొజెక్టర్, అద్దం, సీలింగ్ అన్నీ ఫ్యాక్టరీలో కలిపి పరీక్షించినవి దొరుకుతాయి. మీ మోడల్‌కు ఆ వీలుంటే మిగతా ఎంపికల జోలికి పోకండి. మొదటి తరం స్విఫ్ట్‌కు ఆ భాగ్యం లేదు కాబట్టి డూమ్ విప్పి లోపల ప్రొజెక్టర్ అమర్చడమొక్కటే దారి. అంబాసడర్, పాత జీపు లాంటి 7 అంగుళాల గుండ్రటి లైట్లవాళ్లు ఇంకా అదృష్టవంతులు. ఆ సైజులో ప్రొజెక్టర్‌తో సహా సీల్ చేసి వచ్చే యూనిట్లు నేరుగా బిగుస్తాయి.

35 వాట్ల డీ2ఎస్ జెనాన్ బల్బు ప్రమాణం 3200 ల్యూమెన్లు. హెచ్4 డిమ్‌తో పోలిస్తే మూడింతలకు పైనే, తీసుకునే కరెంటు తక్కువ. కొనేటప్పుడు చివరి అక్షరం చూడండి. డీ2ఎస్ ప్రొజెక్టర్లకు, డీ2ఆర్ రిఫ్లెక్టర్లకు. డీ2ఆర్ గాజు మీద కొంత భాగం నల్లగా మూసి ఉంటుంది. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అందులో 4300 దగ్గరే ఆగండి. 6000, 8000 అని నీలంలోకి పోయేకొద్దీ వెలుగు తగ్గుతుంది, వానలో తడిసిన తారు రోడ్డు మీద ఏమీ కనిపించదు.

బై-జెనాన్, బై-ఎల్‌ఈడీ: ఏది?

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా చూపించేవి బై-ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు, అంటే జెనాన్ బల్బుకు బదులు ఎల్‌ఈడీ చిప్‌తో పనిచేసేవి. స్విచ్ వేయగానే పూర్తి వెలుగు, జెనాన్‌కు కావలసిన అధిక వోల్టేజి పుట్టించే పెట్టె, అంటే బ్యాలస్ట్ విడిగా లేదు, అధిక వోల్టేజి లేదు, బిగించడం తేలిక. జెనాన్‌కు పూర్తి వెలుగు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పగటిపూట డిప్పర్ కొట్టడం అలవాటున్నవాళ్లకు ఇది ఇబ్బంది, చల్లటి బల్బును మాటిమాటికీ వెలిగించి ఆర్పితే దాని ఆయుష్షు తరుగుతుంది కూడా. సిటీలో ఎక్కువ, హైవే అప్పుడప్పుడు అయితే మంచి కంపెనీ బై-ఎల్‌ఈడీ తీసుకోవచ్చు.

అయితే చవక బై-ఎల్‌ఈడీల్లో ఒక మోసం ఉంది. బండి ముందు పది పదిహేను మీటర్ల లోపు నేల తెల్లగా మండిపోతుంది. షాపు ముందు చూస్తే అబ్బో అనిపిస్తుంది. ఆ దగ్గరి వెలుగుకు కంటిపాప ముడుచుకుంటుంది, దూరంగా చీకట్లో ఉన్న గేదె కనిపించదు. రోడ్డుకు కావలసింది గీత అంచున, దూరంగా పడే వెలుగు. మంచి డీ2ఎస్ ప్రొజెక్టర్లు ఇప్పటికీ ఇందులో ముందుంటాయి. జపాన్‌వాళ్లూ మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి అక్కడి కార్ల నుంచి తీసిన కొయిటో (జపాన్ లైట్ల కంపెనీ) ప్రొజెక్టర్లకు మంచి గిరాకీ ఉంది.

మరమ్మతు సంగతి కూడా తూకం వేయాలి. జెనాన్‌లో బల్బు పోతే బల్బు, బ్యాలస్ట్ పోతే బ్యాలస్ట్ మార్చుకోవచ్చు. బల్బులు పాతబడేకొద్దీ గులాబీ రంగులోకి తిరుగుతాయి, మార్చేటప్పుడు జంటగా మార్చాలి. బై-ఎల్‌ఈడీలో చిప్ పోతే సాధారణంగా డూమ్ మళ్లీ విప్పి ప్రొజెక్టరే మార్చాలి. మరోవైపు కార్ల కంపెనీలన్నీ ఎల్‌ఈడీకి మళ్లడంతో జెనాన్ బల్బుల సరఫరా రానురాను తగ్గేదే. బండిని ఇంకో మూడు నాలుగేళ్లు, ఎక్కువగా రాత్రి హైవే మీద నడిపేవాళ్లకు నా సలహా డీ2ఎస్ బై-జెనాన్. ఆ పైన ఇంకా చాలాకాలం ఉంచుకునేవాళ్లు పేరున్న బై-ఎల్‌ఈడీ వైపు చూడవచ్చు.

కొనేముందు బాణం చూడండి

డిమ్ వెలుగు రెండు పక్కలా సమానంగా ఉండదు. మన దేశంలో ఎడమవైపు అంచు పైకి లేస్తుంది, రోడ్డు పక్కన నడిచేవాళ్లు కనిపించడానికి. కుడివైపు కిందికే ఉంటుంది, ఎదురుబండి కోసం. అమెరికా, యూరప్ కార్ల ప్రొజెక్టర్లలో ఇది తిరగబడి ఉంటుంది. అది తెచ్చి పెడితే ప్రతి ఎదురుబండి కళ్లలోకీ వెలుగు నేరుగా కొడుతుంది, ఎంత కిందికి దించినా పోదు. యూరప్ ప్రమాణాల ముద్ర ఉన్న డూమ్ అద్దం మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. లైటుకు ఎదురుగా నిలబడితే అది మీ కుడివైపు చూపిస్తుంటే ఎడమవైపు నడిచే దేశాలది. రెండువైపులా మొనలుంటే రెండింటికీ పనికొస్తుంది. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాలది. అక్కడే హెచ్‌సీఆర్ అని ఉంటే హాలోజెన్ కోసం, డీసీఆర్ అని ఉంటే డిశ్చార్జ్ (జెనాన్) బల్బు కోసం చేసిన డూమ్. విడి ప్రొజెక్టర్ల మీద ఈ గుర్తులు ఉండకపోవచ్చు, వాటిని గోడ మీద వెలిగించి చూసే కొనాలి.

పని చేయించేటప్పుడు

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపో అడిగితే చేసేవాళ్లు దొరుకుతారు. ప్రొజెక్టర్లు, బ్యాలస్ట్‌లు, వైరింగ్, కూలి కలిపి పదిహేను వేలకు అటూఇటూ మొదలై పైకి పోతుంది. మంచి సరుకుకు మంచి చేయి కూడా తోడు కావాలి, అందుకే మనిషిని చూసుకుని ఇవ్వండి. ఆయన చేసిన పాత డూమ్‌లు చూపించమనండి. ఏడాది కిందట చేసినవి చూడగలిగితే మరీ మంచిది, వానాకాలం దాటిన డూమ్‌లో ఆవిరి పట్టిందో లేదో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

డూమ్‌ను విప్పడానికి ఓవెన్‌లో 110 డిగ్రీల చుట్టుపక్కల కొన్ని నిమిషాలు ఉంచి, అంచున ఉండే బ్యూటైల్ జిగురు మెత్తబడ్డాక నెమ్మదిగా అద్దం లాగుతారు. హీట్ గన్‌తో ఒకే చోట కాల్చేవాళ్ల దగ్గర ప్లాస్టిక్ వంకరపోతుంది. మూసేటప్పుడు పాత జిగురు పూర్తిగా గోకి తీసి కొత్త బ్యూటైల్ వేయాలి. సిలికాన్ పూస్తానంటే ఒప్పుకోకండి. డూమ్ వెనకున్న గాలి గొట్టాలు మూసేయకూడదు, అవి లేకపోతే తేమ లోపలే ఉండిపోతుంది.

రెండున్నర అంగుళాల చిన్న ప్రొజెక్టర్లు హెచ్4 రంధ్రంలోంచే మర వేసి బిగుస్తాయి, రిఫ్లెక్టర్ కోయక్కర్లేదు. మూడు అంగుళాలవి పెట్టాలంటే కోయాలి, పాత స్థితికి తేవడం కుదరదు. ఏదైనా సరే, అద్దం అతికించకముందే బండికి తగిలించి గోడ మీద గీత చూడమనండి. గీత ఒక పక్కకు వాలి ఉంటే ప్రొజెక్టర్ మెలిపడి బిగిసినట్టు. అప్పుడైతే ఒక నిమిషం పని, అతికించాక మళ్లీ ఓవెన్‌కు పోవాల్సిందే.

బ్యాలస్ట్ బల్బును వెలిగించే క్షణంలో 20 వేల వోల్టులకు పైనే పంపుతుంది. నీళ్లు చిమ్మే చోట, బంపర్ లోపల వేలాడేలా కాకుండా గట్టిగా బిగించాలి. వెలుగుతుండగా కప్లర్ విప్పకూడదు. కరెంటు బ్యాటరీ నుంచి విడి రిలేతో రావాలి, ఎందుకంటే వేడెక్కే కొన్ని సెకన్లలో అది మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతుంది.

ఫోకస్ సరిచేయకపోతే పెట్టిన డబ్బు దండగ

టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, చదునైన నేల మీద బండిని గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో నిలపండి. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తో గోడ మీద గుర్తు పెట్టండి. డిమ్ గీత ఆ గుర్తుకు 5 సెంటీమీటర్లు కిందుండాలి. అంటే నూటికి ఒకటి వాలు. లైటు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే గీత 65 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది.

ఈ లెక్కను కాస్త నిలబడి చూడండి. 80 కిలోమీటర్ల వేగంలో, బ్రేక్ మీదికి కాలు పోవడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద బండి ఆగడానికి దాదాపు 68 మీటర్లు కావాలి. 100లో 97 దాకా పోతుంది. జెనాన్ పెట్టినా, మరేది పెట్టినా డిమ్ గీత 65 మీటర్ల దగ్గరే నేల దిగుతుంది. ఆ లోపల వెలుగు నిండుగా, వెడల్పుగా ఉంటుంది, ఎడమవైపు ఇంకొంత దూరం పోతుంది. ఎదురుబండి ఉన్నంతసేపు డిమ్‌లో 100కు పోయే హక్కు మాత్రం ఏ లైటూ ఇవ్వదు. వెనక సీట్లో నలుగురిని, డిక్కీలో సామాను ఎక్కిస్తే ముందు భాగం లేచి గీత కూడా పైకి పోతుంది. యూరప్ నిబంధనల్లో 2000 ల్యూమెన్లు దాటిన బల్బుకు తనంతట తాను ఎత్తు సరిచేసుకునే ఏర్పాటు, అద్దం కడిగే ఏర్పాటు రెండూ తప్పనిసరి చేసింది ఇందుకే. మన పాత కారులో అవి ఉండవు. డ్యాష్‌బోర్డు మీద ఎత్తు మార్చే చిన్న చక్రం ఉంటే బరువు ఎక్కించినప్పుడల్లా వాడండి, అద్దం మీది బురద మీరే తుడవండి.

చట్టం సంగతి కూడా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ నిబంధన ప్రకారం, లైటుకు 8 మీటర్ల ముందు, లైటు కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. మీ డూమ్‌ను కంపెనీ హాలోజెన్‌తోనే పరీక్ష చేయించింది. లోపల ప్రొజెక్టర్ పెట్టాక ఆ ఆమోదం దానికి వర్తిస్తుందని వాదించలేరు. కాబట్టి పాత డూమ్‌లు, బల్బులు పారేయకుండా ఉంచుకోండి. వీలైతే పాత బజారులో ఇంకో జత డూమ్‌లు కొని వాటిలో పని చేయించండి. బండి నాలుగు రోజులు షెడ్డులో పడుండక్కర్లేదు, అవసరమైతే ఫ్యాక్టరీవి అరగంటలో తిరిగి బిగించుకోవచ్చు.